పాలకూర వారి దౌహిత్రుడు

పెళ్లికార్డులు అచ్చువేసేవాడికి ఇంటిపేరంటే భయం ఉంటుంది. మండపేటలో ఇరవై ఆరేళ్లుగా భూషణం ప్రింటర్స్ నడుపుతున్నాను. ఓ ఏడాది 'పిల్లా వారి పెళ్లిపిలుపు' అని పడాల్సిన చోట దీర్ఘం బదులు గుడి పడి 'పిల్లి వారి పెళ్లిపిలుపు' అయింది. పెళ్లికొడుకు బాబాయి నాలుగు వందల కార్డులూ తెచ్చి నా బల్ల మీద కుమ్మరించి, "మేమెప్పుడన్నా మీ వంటింట్లో దూరి పాలు తాగామేంటండీ?" అని అడిగాడు. నా ఖర్చుతో మళ్లీ వేసిచ్చాను. ఆనాటి నుంచి ప్రూఫు మూడుసార్లు చూడందే మిషను కదపను. ఈ భయం బ్యాంకులకి కూడా ఉంటుందని అనుకోవడమే నేను చేసిన తప్పు.

నా పేరు గంధం నాగభూషణం. ఈ మాట మీరైనా నమ్మాలి, ఎందుకంటే మా బ్యాంకు నమ్మడం లేదు.

మా ఆవిడ సత్యవేణికి మూడేళ్లుగా చెవులు వినబడవు. నా మాట వినకపోవడం పెళ్లయిన నాటి నుంచీ ఉన్నదే, వినబడకపోవడం మాత్రం కొత్త. మొదట్లో ఇద్దరం నవ్వుకునేవాళ్లం. ఉప్పు తెమ్మంటే పప్పు తెచ్చేది. తర్వాత్తర్వాత మనుషుల్లో కూర్చోవడం మానేసింది. నలుగురూ నవ్వితే ఎందుకు నవ్వుతున్నారో తెలియక, ఒక్క క్షణం ఆలస్యంగా తనూ నవ్వేది. అది చూసి నేను నవ్వడం ఆపేసేవాణ్ణి. కాకినాడలో డాక్టరుగారు పరీక్ష చేసి, రెండు చెవులకీ మిషన్లు పెడితే వినబడుతుందన్నారు. రెండూ కలిపి అరవై రెండు వేలు. ఆ రేటు ఈ నెల ఇరవయ్యో తారీకు దాకానేట, తర్వాత డెబ్బై ఎనిమిది. ఏడాదిన్నర పాటు కార్డుకింత అని దాచి, ఆ అరవై రెండు వేలూ సర్వక్షేమ బ్యాంకులో జమచేశాను.

నాలుగో తారీకు సోమవారం డబ్బు తీద్దామని వెళ్లాను. శనివారం నుంచి నా సెల్లులో సిగ్నల్ లేదు. వానాకాలం మా వైపు సిగ్నల్ లేకపోవడం వార్త కాదు కాబట్టి పట్టించుకోలేదు. కౌంటర్లో ప్రత్యూష అనే అమ్మాయి కంప్యూటరు చూసి, నా మొహం చూసి, మళ్లీ కంప్యూటరు చూసింది.

"రెండు వందల పద్నాలుగు రూపాయలు ఉన్నాయి బాబాయ్ గారూ," అంది.

"వేలమ్మా?"

"రూపాయలండి."

నిన్న ఆదివారం నాడు ఎవరో ఆన్‌లైనులో లాగేశారని ఆ అమ్మాయి మెల్లిగా చెప్పింది. నా పేరు మీద కొత్త సిమ్ము కూడా తీసుకున్నట్టున్నారని, అందుకే నా సెల్లు మూగబోయి ఉంటుందని చెప్పింది. నా కాళ్లు తోటకూర కాడల్లా వేలాడిపోయాయి. తోటకూర అనే మాట ఇక్కడ ఊరికే వాడలేదు, దాని సంగతి ముందుముందు వస్తుంది.

మేనేజరు శేషసాయి గారి గదిలోకి వెళ్లాను. ఆయన కుర్చీ వెనక కొత్త బోర్డు వేలాడుతోంది: 'సరిగ్గా చెప్పినవారే ఖాతాదారు.' ఆయన ముందుగా ప్రత్యూషను పిలిచి, ఖాతాలో ఉన్న రెండు వందల పద్నాలుగు సంగతి అపరిచితులకి వెల్లడించినందుకు మందలించారు. ఆ అపరిచితుడు నేనేనని అర్థం కావడానికి కాస్త టైము పట్టింది.

"తమరు ఖాతాదారునని అంటున్నారు," అన్నారాయన.

"అనడమేంటండీ బాబూ, నేనేనండి. పదేళ్లుగా మీ బ్యాంకు క్యాలెండర్లు అచ్చేసేది ఎవరనుకున్నారు?"

"క్యాలెండరు గుర్తింపు పత్రాల జాబితాలో లేదండి. మొహం చూసి మనిషిని నమ్మే చీకటి రోజులు పోయాయి. గత నెల నుంచి హెడ్డాఫీసు వారు విప్లవాత్మకమైన నూతన విధానం ప్రవేశపెట్టారు. ఐదు ప్రశ్నలు, ప్రశ్నకి ఇరవై మార్కులు. ఎనభై వస్తే ఖాతాదారు. రాకపోతే అర్జీదారు."

"సరే, అడగండి."

పేరు అడిగారు, చెప్పాను. పుట్టినతేదీ అడిగారు, బడిలో వేసిన తేదీ చెప్పాను. నలభై వచ్చాయి. మూడో ప్రశ్నగా నా సెల్లుకి ఓటీపీ పంపించి అదెంతో చెప్పమన్నారు.

"నా సిమ్మే పోయిందండీ. అది వాడి దగ్గరికి పోతుంది."

"సున్నా. చివరిగా జరిపిన మూడు లావాదేవీలు?"

"అవి నేను చెయ్యలేదు కదండీ, దొంగ చేశాడు. నాకెలా తెలుస్తాయి?"

"మేమూ అదే అంటున్నాం. చేసినవారికే తెలుస్తాయి. సున్నా. ఆఖరి ప్రశ్న. తమరి మాతృమూర్తి వివాహపూర్వ గృహనామం?"

అంటే మా అమ్మ పుట్టింటి ఇంటిపేరు. నాకు ప్రాణం లేచొచ్చింది. మా అమ్మ పోయి పదకొండేళ్లయినా ఆ మాట నా చెవుల్లోంచి పోలేదు. నాన్నతో గొడవ పడ్డప్పుడల్లా "మా తోటకూర వాళ్లయితేనా..." అని మొదలుపెట్టేది. నాన్న ఆ మర్నాడు కావాలనే సంచీడు తోటకూర తెచ్చి గుమ్మంలో పడేసేవాడు. ఆవిడ ఆ కట్టల్ని కళ్లకద్దుకుని వండేది.

"తోటకూర," అన్నాను గర్వంగా.

మేనేజరు గారు విచారంగా తల అడ్డంగా ఊపారు. "తప్పండి."

"మా అమ్మ ఇంటిపేరు నాకు తప్పా?"

"రికార్డులో మరొకటి ఉంది. అది వెల్లడించడం నిబంధనలకి విరుద్ధం. వందకి నలభై. తమరు అర్జీదారు. మళ్లీ పరీక్షకి తొంభై రోజుల తర్వాత రావచ్చు." తర్వాత ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుంటూ కాస్త మెత్తబడ్డారు. "చూడండీ, నిన్న ఆదివారం ఖాతాదారు వారు మా కేంద్రానికి ఫోను చేసి ఐదింటికీ జవాబులు చెప్పారు. వందకి వంద. ఎంత మర్యాదగా మాట్లాడారని! చివర్లో మా సేవలకి ఐదు నక్షత్రాలు కూడా ఇచ్చారు. తమరు పదేళ్లలో ఎన్నడైనా ఒక్క నక్షత్రం ఇచ్చారా?"

ఇవ్వలేదు. నిజం ఒప్పుకోవాలి.

పోలీస్ స్టేషన్‌కి వెళితే, ఫిర్యాదు ఖాతాదారే ఇవ్వాలి, మీరే ఖాతాదారని బ్యాంకు నుంచి ఉత్తరం పట్టుకురండి అన్నారు. బ్యాంకుకి వెళితే, ఆ ఉత్తరం ఖాతాదారు అడిగితేనే ఇస్తామన్నారు. రెండు రోజులు వాళ్ల గుమ్మం, వీళ్ల గుమ్మం తిరిగాను. ఇంట్లో సత్యవేణికి చెప్పలేదు. ఆవిడకి ఏదన్నా చెప్పాలంటే ముందు వీధికంతా చెప్పాలి.

రికార్డులో తప్పు ఉంటే దిద్దించుకోవడానికి వేరే అర్జీ ఉందని ప్రత్యూష చెప్పింది. రెండు పేజీల అర్జీ నింపాను. కింద ఆఖరి గడిలో ఓటీపీ వెయ్యాలట. అది ఎవరి సెల్లుకి పోతుందో మీకు తెలుసు. ఏం చెయ్యను, పక్క కొట్టు సెల్లు తీసుకుని నా నంబరుకి నేనే ఫోను చేశాను.

"హలో, గంధం నాగభూషణాన్ని మాట్లాడుతున్నానండి," అంది అవతలి గొంతు. కుర్రగొంతు.

"నేనూ గంధం నాగభూషణాన్నే."

"ఓ, మీరా సార్! నమస్కారమండి. బాగున్నారా?"

తిట్టాలని నోటి దాకా వచ్చిన మాటలన్నీ ఆ నమస్కారంతో ఎటో పోయాయి. నా డబ్బు నాకు ఇచ్చెయ్యమన్నాను. అయిపోయిందండీ అన్నాడు. పోనీ ఓటీపీ అన్నా చెప్పమన్నాను.

"అమ్మో, ఓటీపీ ఎవరికీ చెప్పకూడదండీ! మీ బ్యాంకువాళ్లు పొద్దున్నా సాయంత్రం మెసేజీ పెడుతున్నారు. అసలే రోజులు బాగోలేవు."

"ఒరే బాబూ, ఒక్కటి చెప్పు. మా అమ్మ ఇంటిపేరు ఏమని చెప్పావు వాళ్లకి?"

"పాలకూర కదండీ?"

"తోటకూర!"

"మీ ఇంటి సంగతులు నాకేం తెలుస్తాయండీ? మీ బ్యాంకులోంచి బయటికొచ్చిన లిస్టు కొన్నాను, అందులో అలా ఉంది. మీరు చెప్పింది కరెక్టే అయి ఉంటుందిలెండి. కానీ లిస్టు లిస్టే కదా," అని ఓదార్చి పెట్టేశాడు.

జరిగింది నాకు ఊహకి అందింది. పదేళ్ల కిందట ఖాతా తెరిచిన రోజున, అప్పటి ఆఫీసరు గారు నన్ను నోటితో అడిగి, సాయంత్రం తీరిగ్గా నింపుతానన్నారు. సాయంత్రానికి 'ఏదో ఆకుకూర అన్నాడు' అనే మాటే ఆయనకి మిగిలి ఉంటుంది. గోంగూర అనుకోలేదు, అంతవరకు మేలు.

మర్నాడు ఆ ముక్క పట్టుకుని మేనేజరు గారి దగ్గరికి పరిగెత్తాను. "పాలకూర అని ఉంది కదండీ మీ రికార్డులో? అది తప్పండి!"

ఆయన ఉలిక్కిపడ్డారు. "ఖాతాదారు వారి రహస్య సమాచారం తమకెలా తెలిసింది?" అని అడిగి, గదిలో ఉన్న సెక్యూరిటీ గార్డుని కాస్త దగ్గరికి రమ్మన్నారు. నా ఫైలు మీద ఎర్రసిరాతో 'అనుమానితుడు' అని రాశారు. అర్జీదారు కంటే అది ఓ మెట్టు దిగువట.

పన్నెండో తారీకున శేషసాయి గారు స్వయంగా నా ప్రెస్సుకి వచ్చారు. మనసు మారిందేమో అనుకుని కుర్చీ తుడిచి వేశాను. ఆయన జేబులోంచి కాగితం తీశారు. పదిహేనో తారీకున బ్రాంచిలో డిజిటల్ ఖాతాదారుల వారోత్సవం ముగింపు సభట. యాభై ఆహ్వాన పత్రికలు, ఒక ప్రశంసాపత్రం కావాలట. ఊళ్లో ఉన్న ప్రెస్సుల్లో అక్షరం తప్పుపోకుండా వేసేది నేనొక్కణ్ణేనట.

"ఉత్తమ డిజిటల్ ఖాతాదారుగా మా బ్రాంచి నుంచి ఏకగ్రీవంగా ఎంపికైనవారు గంధం నాగభూషణం గారు," అని చదివి, గభాల్న కలిపారు, "తమరు కాదు."

"ఏం చేశాడండీ ఆయన?"

"ఒక్క ఆదివారం నాడు ఏడు ఆన్‌లైను లావాదేవీలు జరిపారు. ఈ తాలూకాలోనే రికార్డు. బ్రాంచికి ఒక్కసారి కూడా వచ్చి సిబ్బంది కాలం వృథా చెయ్యలేదు. తమరు ఈ వారంలోనే పదకొండుసార్లు వచ్చారు. అది మేము మనసులో పెట్టుకోలేదు."

కాగితం చూశాను. ప్రశంసాపత్రం మేనేజరు గారే రాశారు. ఆయనకి కొద్దిగా పద్యాల పిచ్చి ఉంది. 'గంధం వంశాబ్ధి చంద్రులును, పాలకూర వారి దౌహిత్రులును, ఓటీపీ ప్రవీణులును అగు...' అని సాగింది. జోనల్ మేనేజరు గారు వచ్చి సంతకం పెట్టి, చేతికిస్తారట.

నన్ను దోచుకున్నవాడికి నా పేరు మీద నా ప్రెస్సులో నేనే సన్మానపత్రం వెయ్యాలి. పోనీ, దానికి మూడు వందలు ఇస్తారు. ముందు గంధం వేశాను, చంద్రులును వేశాను. పాలకూర దగ్గరికొచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది. మా అమ్మ నా వెనక నుంచుని చూస్తున్నట్టే అనిపించింది. ఇరవై ఆరేళ్లలో తెలిసి తెలిసి ఒక్క తప్పు ఇంటిపేరు వెయ్యలేదు, ఇప్పుడు మా అమ్మదాంతోనే మొదలుపెట్టనా అనుకున్నాను. పాలకూర తీసేసి తోటకూర పెట్టాను. మూడుసార్లు ప్రూఫు చూసి, బంగారు అంచుతో అచ్చువేసి ఇచ్చేశాను. మేనేజరు గారు ఎలాగూ చదవరని నాకు తెలుసు. రాసినవాళ్లు అచ్చయ్యాక ఎవరూ చదవరు.

పదిహేనో తారీకున బ్రాంచి ముందు ఫ్లెక్సీ కట్టారు. దాని మీద నా ఆధారు ఫొటో ఉంది. నేనే నాకు దొంగలా కనిపించే ఫొటో అది. వచ్చేవాళ్లూ పోయేవాళ్లూ నాకు అభినందనలు చెబుతున్నారు. సత్యవేణి ఆ ఫ్లెక్సీ చూసి మురిసిపోయి పట్టుచీర కట్టుకొచ్చి ముందు వరసలో కూర్చుంది. నేను రెండడుగులు స్టేజీ వైపు వేసేసరికి సెక్యూరిటీ గార్డు వచ్చి, "ఆయ్, తవరు అనుమానితుల లెక్కలో ఉన్నారండి, ఎక్కకూడదండి," అని చెయ్యి పట్టుకుని మూడో వరసలో కూర్చోబెట్టాడు. జోనల్ మేనేజరు గారు ఖాతాదారు వారి ఔన్నత్యం గురించి నలభై నిమిషాలు మాట్లాడి, ఖాళీ కుర్చీకి శాలువా కప్పారు. ప్రశంసాపత్రం మీద సంతకం చేసి కుర్చీలో నిలబెట్టారు. అందరూ చప్పట్లు కొట్టారు. అందరికంటే ఒక క్షణం ఆలస్యంగా సత్యవేణి కొట్టింది.

ఇంటికొచ్చాక, "స్టేజీ ఎక్కలేదేంటండీ, మరీ అంత మొహమాటం అయితే ఎలాగ?" అంది. నేను తలూపాను. ఆ రోజు నాకు నిజంగా ఏడుపొచ్చింది.

పదిహేడో తారీకున పక్క కొట్టతను ఫోనని తన సెల్లు తెచ్చి నా చేతికిచ్చాడు. నా పాత నంబరు నుంచి.

"సార్, నేనండి. నాగభూషణం," అన్నాడు కుర్రాడు. మునుపటి హుషారు లేదు. "మీ బ్యాంకువాళ్లని ఎలా భరించారండీ ఇన్నాళ్లు?"

"ఏమైందిరా?"

"రోజుకి పద్నాలుగు ఫోన్లు. గొప్ప ఖాతాదారువని చెప్పి రెండు బీమా పాలసీలు అంటగట్టారు. కట్టకపోతే మీరు మీరు కాదేమో అనుకుంటాం అంటారు. క్రెడిట్ కార్డు వద్దన్నా ఇచ్చారు. మినిమం బ్యాలెన్సు లేదని ఫైను వేశారు. ఫైను కట్టడానికి నేను ఈ నెల నా సొంత డబ్బు పెట్టుకున్నానండీ! మొన్న సన్మానానికి రాలేదని, ఇంటికే వచ్చి శాలువా కప్పుతాం, అడ్రసు చెప్పమంటున్నారు. చెప్పకపోతే వదలట్లేదు."

"ఖాతా మూసెయ్యమని చెప్పకపోయావా?"

"చెప్పానండి. ఉత్తమ ఖాతాదారు కనీసం ఏడాది పాటు ఉండాలట." బతిమాలడం మొదలుపెట్టాడు. "మీ అరవై రెండు వేలూ రేపు తిరిగి వేసేస్తానండి. మీ పేరు మీరు తీసేసుకోండి సార్. నాకొద్దు."

వేశాడు. అబద్ధం ఎందుకు చెప్పాలి, మాట మీద నిలబడ్డాడు. పద్దెనిమిదో తారీకు మధ్యాహ్నం ప్రత్యూష కొట్టు దాకా వచ్చి, "బాబాయ్ గారూ, మీ అరవై రెండు వేలూ పడ్డాయి! కానీ ఆపేశారు," అంది.

"ఎవరు ఆపారమ్మా?"

"మేమేనండి. అనుమానాస్పద జమ అట."

పందొమ్మిదిన మేనేజరు గారు నాకు వివరించారు. "ఖాతాలోంచి డబ్బు పోవడం సహజ పరిణామం. రోజూ జరుగుతుంది. పోయిన డబ్బు తిరిగి రావడం మా బ్యాంకు చరిత్రలో లేదు. ఎవరో ఎందుకో తిరిగి ఇచ్చారంటే దాని వెనక ఏదో ఉంది. దర్యాప్తు ఆర్నెల్లు పడుతుంది." నేను కాళ్లావేళ్లా పడితే సర్క్యులర్ తిరగేసి, ఒక దారి చూపించారు. నిలిపిన జమ విడుదలకి ఐదు ప్రశ్నలు అక్కర్లేదట. ఒకే ఒక్క ప్రశ్న, ఒకే ఒక్క అవకాశం. ఆ ప్రశ్న మాతృమూర్తి వివాహపూర్వ గృహనామం.

ఆ సాయంత్రం గోడ మీద మా అమ్మ ఫొటో ముందు నుంచున్నాను. ఒక్కసారికి, ఒక్క మాట, నీ కోడలి కోసం, క్షమించు అని మొక్కుకున్నాను. అమ్మ ఏమీ అనలేదు. ఫొటోలో ఆవిడ ఎప్పుడూ కోపంగానే ఉంటుంది కాబట్టి కొత్తగా కోప్పడిందో లేదో తెలియలేదు.

ఇరవయ్యో తారీకు పొద్దున్నే సత్యవేణిని తీసుకుని బయల్దేరాను. బ్యాంకులో డబ్బు తీసుకుని అట్నుంచి అటే కాకినాడ బస్సు ఎక్కాలి. ఆవిడకి ఇంతవరకు ఏమీ తెలీదు. కౌంటరు పక్కన మేనేజరు గారు, ప్రత్యూష, సెక్యూరిటీ గార్డు నిలబడ్డారు. బ్రాంచిలో ఓ ముప్పై మంది ఉన్నారు.

"అర్జీదారు తమ మాతృమూర్తి వివాహపూర్వ గృహనామం చెప్పాలి," అన్నారు మేనేజరు గారు.

కళ్లు మూసుకున్నాను. "పాలకూర," అన్నాను.

కళ్లు తెరిచేసరికి సెక్యూరిటీ గార్డు నా భుజం మీద చెయ్యి వేసి ఉన్నాడు.

"తప్పు," అన్నారు మేనేజరు గారు. "రికార్డులో తోటకూర అని ఉంది."

"అదేంటండీ! మొన్నటిదాకా పాలకూరేగా!"

"మొన్నటిదాకా. జోనల్ మేనేజరు గారు సంతకం చేసిన ప్రశంసాపత్రంలో తోటకూర అని ఉన్నట్టు ఆడిట్లో తేలింది. జోనల్ మేనేజరు గారు సంతకం పెట్టిన కాగితం తప్పు కావడానికి వీల్లేదు. కనుక కంప్యూటరే తప్పని నిర్ధారించి నిన్న సాయంత్రం సవరించాం. ఇకమీదట పాలకూర అని చెప్పేవాడు మోసగాడని హెడ్డాఫీసు నుంచి ఆదేశాలు కూడా వచ్చాయి." ఆయన గార్డు వైపు చూశారు. "స్టేషనుకి ఫోను చెయ్యి."

పదకొండుసార్లు తిరిగి రెండేసి పేజీల అర్జీలు రాస్తే జరగని పని, ఒక్క మాట అచ్చువేస్తే జరిగిపోయింది. ఆ మాట నేనే అచ్చువేశాను. దాన్నే కాదని పాలకూర అన్నాను. బల్ల పట్టుకుని అలాగే నుంచుండిపోయాను.

సత్యవేణి నా చొక్కా పట్టుకుని లాగింది. "ఏంటటండీ? ఏం అడుగుతున్నారు?"

దాచడానికి ఇంకేం మిగిలింది కనుక! ఆవిడ చెవి దగ్గర నోరు పెట్టి అరిచాను. "మా అమ్మ పుట్టింటి పేరు అడుగుతున్నారే!"

ఆవిడ నా వైపు విస్తుపోయి చూసింది. చెవులు వినబడనివాళ్లకి తమ గొంతు ఎంత పెద్దదో తెలీదు. "తోటకూర వారు కదా!" అంది. బ్రాంచి అంతా మారుమోగింది. "మా అత్తగారు రోజుకి పదిసార్లు అనేవారు కదా! ఆ మాత్రం చెప్పలేకపోయారేంటండీ?"

మేనేజరు గారు చెయ్యెత్తి గార్డుని ఆపారు. సర్క్యులర్ మళ్లీ తెరిచారు. వేలు పెట్టి ఒక్కొక్క లైనూ చదివారు. "'సరిగ్గా చెప్పిన వ్యక్తినే ఖాతాదారుగా గుర్తించవలెను' అని ఉంది. పురుషుడని ఎక్కడా లేదు," అన్నారు. ఆ తర్వాత సత్యవేణికి ఎదురుగా వచ్చి వంగి నమస్కారం పెట్టారు. "గంధం నాగభూషణం గారూ, అసౌకర్యానికి చింతిస్తున్నాం."

"ఎవర్నండీ అంటున్నాడు?" అంది సత్యవేణి.

నిమిషంలో కుర్చీ వచ్చింది, మజ్జిగ వచ్చింది. ఖాతాకి ఆవిడ సెల్లు నంబరు వేశారు. ఖాళీ కుర్చీలో ఉండిపోయిన శాలువా, ప్రశంసాపత్రం తెచ్చి ఆవిడ ఒళ్లో పెట్టారు. నన్ను అనుమానితుల లెక్కలోంచి తీసి 'ఖాతాదారు వెంట వచ్చిన వ్యక్తి' అని రాసుకున్నారు. డబ్బు తీసే కాగితం మీద సంతకం పెట్టమని ప్రత్యూష పెన్ను అందించింది. అక్కడ వచ్చింది ఇబ్బంది. పెళ్లయిన ఇరవై తొమ్మిదేళ్లలో సత్యవేణి నా పేరు ఒక్కసారి కూడా నోటితో పలకలేదు. పోస్టుమాన్ అడిగినా, రేషను డీలరు అడిగినా పక్కవాళ్ల చేత చెప్పించేది. ఇప్పుడు ముప్పై మంది ముందు ఆ పేరు సంతకం పెట్టమంటున్నారు. నేను కళ్లతో బతిమాలాను. మొహమంతా ఎర్రబడిపోయి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, గుండ్రటి అక్షరాలతో 'గంధం నాగభూషణం' అని రాసింది. అక్షరం తప్పుపోలేదు.

మధ్యాహ్నం మూడు గంటలకి కాకినాడలో డాక్టరుగారు రెండు మిషన్లూ అమర్చారు. బయటికొచ్చాక ఆవిడ రోడ్డు మీద ఆగిపోయి, తన గాజుల చప్పుడే తను వింటూ చాలాసేపు చెయ్యి ఊపుతూ నుంచుంది. తిరుగు బస్సులో కండక్టరు సంచీలో చిల్లర గలగలమంటే వెనక్కి తిరిగి చూసింది. నేను కిటికీ వైపు మొహం పెట్టుకుని, పెదాలు కనబడకుండా, మామూలు గొంతుతో "సత్యవేణీ" అన్నాను.

"ఊఁ," అంది.

కాసేపయ్యాక మెల్లిగా, అరవకుండా, జరిగిందంతా మొదటి నుంచి చెప్పాను. బస్సులో ఎవరికీ వినబడలేదు, ఆవిడకి వినబడింది. మధ్యలో రెండుసార్లు తిట్టింది, ఓసారి కళ్లు తుడుచుకుంది. ఖాళీ కుర్చీ దగ్గర నవ్వింది, నాతోపాటే నవ్వింది.

రామచంద్రపురం దాటుతుంటే ఆవిడ సెల్లు మోగింది. మూడేళ్లలో మొదటిసారి తనే తీసి చెవి దగ్గర పెట్టుకుంది. శ్రద్ధగా విని, "అవునండి, నేనే," అంది. ఎవరని నేను పక్కనుంచి అడిగితే చేత్తో ఆపింది. మళ్లీ విని, "అబ్బే, నాకు తెలీదండి," అని పెట్టేసింది.

"ఎవరే?"

"బ్యాంకువాళ్లు. గంధం నాగభూషణం గారేనా అని అడిగారు," అంది, నా పేరు ఇంత మామూలుగా తన నోటెంట వచ్చిందని తనే గమనించకుండా. "అవునన్నాను. పక్కన ఎవరో మగమనిషి గొంతు వినబడుతోంది, ఎవరండీ అని అడిగారు."

"తెలీదన్నావేంటి మరి?"

"తెలుసంటే మళ్లీ మీకు ఐదు ప్రశ్నలు వేస్తారు," అంది సత్యవేణి. "మీరు చెప్పలేరు."